రేకు మీది పేరు

మల్లికార్జున్ ఆ స్టీలు రేకుల్ని భార్య లక్ష్మీకాంతం పాత నేతచీర ముక్కలో చుట్టి, అట్టపెట్టెలో సర్ది, కారులో పక్కసీటు మీద పెట్టుకుని మరీ తెచ్చాడు. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇంటి నుంచి గోదాముకి పెద్ద దూరమేమీ లేదు. అయినా రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా కుడిచెయ్యి పెట్టె మీద ఆనించాడు. ఒకదానికొకటి రాసుకుని గీతలు పడతాయని ఆయన భయం.

బేస్‌మెంట్‌లో తన చేతులతో చేసినవి అవి. బతుకంతా కార్ల కంపెనీలకి అచ్చులు తయారుచేసిన మనిషి. రిటైరయ్యాక తన వర్క్‌షాపు అమ్మేశాడు కానీ అక్షరాలు చెక్కే చిన్న యంత్రాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. ఒక్కో రేకూ కొలిచి కోసి, అంచులకి సన్న ఆకురాయి పట్టి, మూలల్లో చిల్లులు వేసి, బొటనవేలితో చుట్టూ తడిమి చూసుకునేవాడు. ఎక్కడైనా రవ్వంత గరుకు తగిలితే మళ్ళీ ఆకురాయి. పురిటిమంచానికి బిగించే రేకు ఇది. నొప్పుల్లో ఉన్న ఆడమనిషి చెయ్యి విసిరితే తగిలి గీరుకోకూడదు కదా అనుకున్నాడు.

రేకు మీద పైన ఫ్రెంచిలోనూ కింద ఇంగ్లీషులోనూ ఒకటే మాట చెక్కాడు. లక్ష్మీకాంతం జ్ఞాపకార్థం. శరణార్థుల ఉపయోగానికి మాత్రమే.

గోదాము ఒకప్పుడు టైర్ల దుకాణం. ఇప్పుడూ వాన పడిన రోజున రబ్బరు వాసన వేస్తుంది. ఆస్పత్రులు కొత్తవి కొనుక్కుని పక్కన పడేసిన మంచాలు, ఆక్సిజన్ యంత్రాలు, చక్రాల కుర్చీలు అక్కడికి చేరతాయి. రిటైరైన డాక్టర్లు, నర్సులు, ఆయనలాంటి మెకానిక్కులు కూర్చుని వాటిని బాగుచేస్తారు. తర్వాత కంటెయినర్‌లో సర్ది బీద దేశాలకి పంపుతారు. ఈసారి కంటెయినర్ వెళ్ళేది బురుండికి. ఆఫ్రికా మ్యాపు మీద వేలు పెడితే వేలి కిందే కనబడకుండా పోయేంత చిన్న దేశం. దానికే తిండికి కటకట. అయినా పక్కనున్న కాంగోలో యుద్ధం ముదిరినప్పుడల్లా నది దాటి వచ్చే జనాన్ని ఆ దేశమే చేరదీస్తోంది. అలా వచ్చినవాళ్ళ శిబిరంలో ఉన్న ప్రసవాల ఆస్పత్రికి ఈ సామాను. ఖర్చంతా మల్లికార్జున్‌దే.

ఆయన్ని ఈ పనిలోకి లాగింది భానుమతి. ముప్ఫై ఏళ్ళు ఇక్కడే పురుళ్ళు పోసిన డాక్టరు, లక్ష్మీకాంతానికి గుళ్ళో పరిచయం. లక్ష్మీకాంతం చనిపోయాక మొదటి నెల మాసికం అవగానే, "ఇంట్లోనే కూర్చుంటే గోడలు మింగేస్తాయండీ, వచ్చి నాలుగు స్క్రూలన్నా బిగించండి" అని తీసుకొచ్చింది. అప్పటి నుంచి ఆయనకి గోదామే ఆఫీసు.

మోకాళ్ళ మీద కూర్చుని మొదటి మంచానికి రేకు బిగిస్తుంటే జవాడి వచ్చి పక్కన నిలబడింది. సామానంతా కట్టే పని ఆమెది. కాంగో నుంచి వచ్చిన మనిషి, నలభైకి అటూ ఇటూ ఉంటుంది. కొన్నేళ్ళు అదే బురుండిలో తలదాచుకుని, తర్వాత కూతురితో మిషిగన్ చేరిందని మాత్రం ఆయనకి తెలుసు. ఆమె ఆయన్ని పాపా అని పిలుస్తుంది. వాళ్ళ వైపు తండ్రి వయసు వాళ్ళని అలాగే పిలుస్తారట. మొదటిసారి ఆ పిలుపు విని, చంటిపిల్ల ఎవరా అని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. భానుమతి సంగతి చెప్పి నవ్వితే, డెబ్బై దాటాక పాపనయ్యాను అని తనూ నవ్వాడు. భార్య పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

జవాడి వంగి రేకు చదివింది. ఫ్రెంచి ఆమెకి బడిలో నేర్చిన భాష. చదివి, అక్షరాల మీద చూపుడువేలు పోనిచ్చింది. పేరు దగ్గర ఆగి, ఇది ఎలా పలకాలి అని అడిగింది. ఆయన విడమరిచి చెప్పాడు. ఆమె రెండుసార్లు పెదాల మీదే అనుకుంది.

"చాలా బాగా చేశారు పాపా," అంది.

అంతే. చేతిలో ప్లాస్టిక్ చుట్ట ఉంది, మంచానికి చుట్టడానికే తెచ్చింది. కానీ ఆ మంచాన్ని వదిలేసి అవతల చక్రాల కుర్చీల దగ్గరికి వెళ్ళి వాటికి చుట్టడం మొదలుపెట్టింది. ఇదేమిటి అనుకున్నాడు మల్లికార్జున్. ఇంకా రేకులు బిగించాల్సి ఉంది కదా, అయ్యాక వస్తుందిలే అని సర్దుకున్నాడు.

భానుమతి రేకు చూసింది మధ్యాహ్నం. కళ్ళజోడు పైకి తోసి, దించి, మళ్ళీ చదివింది.

"మల్లికార్జున్ గారూ, ఈ సెకండ్ లైన్ ఎప్పుడు పెట్టారు?"

"డబ్బిచ్చేటప్పుడు రాసుకున్న అగ్రిమెంట్‌లో ఉన్నదేనండీ అది. మన గోదాము డైరెక్టర్ కూడా ఓకే అన్నారు."

ఆమె పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఈ వారంలోనే ఆ ఆస్పత్రి మంత్రసానితో వీడియో కాల్‌లో మాట్లాడిందట. మనం పంపే సామాను ఎక్కడ పెడతారో చూపించమంటే, ఆ పిల్ల ఫోను పట్టుకుని గదులన్నీ తిప్పి చూపించిందట. ఒక మూల పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్, దుప్పటి కప్పి ఉంది. పక్కగదిలో నెలలు నిండకుండా పుట్టిన పసికందు తల్లి రొమ్ము మీద గుడ్డలో చుట్టుకుని ఉంది. ఇదేమిటని భానుమతి అడిగితే, ఆ తల్లి శిబిరం మనిషి కాదు, కొండ మీద ఊరావిడ అని చెప్పిందట. వార్మర్ ఇచ్చినవాళ్ళు శరణార్థులకి మాత్రమే అని రాసిచ్చారు. అలాగే వాడుతున్నారో లేదో చూడడానికి వాళ్ళ మనుషులు వస్తుంటారు.

"ఆ అమ్మాయి కంప్లయింట్‌గా కూడా చెప్పలేదండీ. మాకు రూల్ ఉంది డాక్టర్ అంది, అంతే. అక్కడ జరిగే పురుళ్ళలో సగం ఊరివాళ్ళవే. మన మంచాలు కూడా అలా దుప్పటి కప్పుకుని కూర్చోవాలా?"

మల్లికార్జున్ స్క్రూడ్రైవర్ తిప్పడం ఆపలేదు. కోపం రాలేదు ఆయనకి. ఇది ముందే ఆలోచించిన మనిషి.

"అందరికీ అని ఇస్తే ఎవరికీ చేరదండీ. షాపు నడిపాను కదా, చూశాను. ఒకడి చేతికిచ్చిన పనిముట్టు పదేళ్ళుంటుంది. అందరిదీ అన్నది ఆర్నెల్లలో మాయం. పైగా కాంతం అడిగింది నది దాటి వచ్చేవాళ్ళ కోసం. తను అడిగింది నేను చేస్తున్నాను. అంతకుమించి నాకు తెలీదు."

"నొప్పులతో వచ్చిన మనిషిని శరణార్థి కార్డు చూపించమని అడుగుతామా?"

ఆయన ఇంకో స్క్రూ అందుకున్నాడు. ఆవిడ రెట్టించలేదు. స్టూలు యథాస్థానంలో పెట్టి, మీ ఇష్టం అని గ్లవుజుల పెట్టెల దగ్గరికి వెళ్ళిపోయింది. సాయంత్రానికి రేకులన్నీ బిగించాడు. పేరు వెలుతురుకి తళతళలాడుతోంది. ఇంటికెళ్ళేముందు ఒక్కో మంచం దగ్గరా ఆగి చూసుకున్నాడు. సంతోషంగానే ఉంది. కానీ ఎక్కడో పంటి కింద రాయిలా ఆ కార్డు మాట మిగిలింది.

మర్నాడు భానుమతి రాలేదు. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళిందట. లారీ వచ్చేది ఆ తర్వాతి రోజు పొద్దున. మంచాలు చుట్టడానికి జవాడికి రెండో మనిషి కావాలి. మల్లికార్జున్ చేతులు తుడుచుకుని వెళ్ళి నిలబడ్డాడు.

ఆ పని ఆయన అనుకున్నంత తేలిక కాదు. ముందు మంచం కాళ్ళకి స్పాంజి ముక్కలు కట్టాలి. చక్రాలు తిరగకుండా కట్టెలు వేయాలి. ఒకరు ప్లాస్టిక్ చుట్టని పట్టుకుని తిరుగుతుంటే రెండోవాళ్ళు వెనకే అరచేత్తో అదుముతూ రావాలి, గాలి నిలవకుండా. జవాడి తిరగడంలో ఒక లయ ఉంది. మూల దగ్గరికి రాగానే నడుం వంచి, పొరని లాగి, మణికట్టుతో ఒక మెలి తిప్పుతుంది. ముడి కనపడదు గానీ లాగితే ఊడదు. ఆయన చూసి ముచ్చటపడి, ఇదెక్కడ నేర్చుకున్నావు అని అడిగాడు.

గొరెట్టి దగ్గర, అంది జవాడి. పిల్లని వీపున కట్టుకునే ముడి అది.

గొరెట్టి ఎవరని ఆయన అడగలేదు. చుట్టుతూ ఆమే చెప్పుకుంటూ పోయింది. మంచం చుట్టూ ఇద్దరూ తిరుగుతున్నారు కాబట్టి ఆమె మొహం ఆయనకి కనబడటం లేదు, మాట మాత్రమే వినబడుతోంది.

నది దాటిన రోజు వాన పడుతోందట. వీపున కూతురు ఫురాహా. అవతలి ఒడ్డున ఎవరూ తెలియదు. కొండ ఎక్కుతుంటే ఒక ఇంటి వాకిట్లో ఒకావిడ నిలబడి, ఏమీ అడగకుండా, లోపలికి రమ్మని చెయ్యి ఊపిందట. అదే గొరెట్టి. మట్టి ఇటుకల ఇల్లు, రెండు గదులు. రెండో గదిలో మేకలుండేవి. గొరెట్టి మొగుడు వాటిని బయట కట్టేసి, నేల అలికి, అరటాకులు పరిచి, ఆ గది వీళ్ళకిచ్చాడు. ఒక్క కుండలోనే చిక్కుడు గింజలు ఉడికేవి. ఎవరికి ఎంత అని ఎప్పుడూ గరిటెతో కొలవలేదట.

కొన్నాళ్ళకి శిబిరం వెలిసింది. గుడారాలకి, ఆస్పత్రికి స్థలం కావాలంటే ఊరివాళ్ళు పొలాలిచ్చారు. ఆస్పత్రి కట్టింది గొరెట్టి వాళ్ళ కర్రపెండలం చేలోనే. జవాడికి కార్డు వచ్చింది. రేషను వచ్చేది. అందులో సగం గొరెట్టి కుండలోకి వెళ్ళేది.

"ఆ వానాకాలం ఇద్దరు పిల్లలకీ ఒకేసారి జబ్బు చేసింది పాపా. నా ఫురాహాకీ, గొరెట్టి కొడుకు ఎలీకీ. ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లోపలికి పోయేవి."

ఇద్దరూ కలిసే ఆస్పత్రికి వెళ్ళారు. గేటు దగ్గర కాపలావాడు కార్డు అడిగాడు. జవాడి చూపించింది. గొరెట్టికి కార్డు లేదు. ఆమె ఆ దేశం మనిషి, ఆ కొండ మనిషి, తన చేలో కట్టిన ఆస్పత్రి ముందు నిలబడి ఉంది. కాపలావాడు కూడా ఆ ఊరివాడే, తలదించుకుని కుదరదన్నాడు.

"గొడవ పడిందా?" అన్నాడు మల్లికార్జున్.

"లేదు. రూల్ అంటే రూలే కదా, నువ్వు వెళ్ళి ఫురాహాని చూపించు అని నాకు చెప్పి వెనక్కి తిరిగింది."

జవాడి చుట్ట తిప్పడం ఆపింది. కొసని అరచేత్తో పట్టుకుని నిలబడింది.

"నేను పరిగెత్తి దారిలో పట్టుకున్నాను. ఎలీని ఆమె వీపు మీంచి విప్పి నా వీపున కట్టుకున్నాను. ఫురాహాని ముందు కట్టుకున్నాను. మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళి ఇద్దరూ నా పిల్లలే, కవలలు అన్నాను."

ఆమె నవ్వింది. ఫురాహాకి అప్పటికే అన్ని పళ్ళూ ఉన్నాయట, పాటలు కూడా పాడేది. ఎలీ ఇంకా కూర్చోవడం నేర్చుకుంటున్నాడు. లోపల నర్సు ఇద్దర్నీ బల్ల మీద పడుకోబెట్టింది. ఒకరి నోరు చూసింది, ఇంకొకరి నోరు చూసింది, జవాడి మొహం చూసింది. ఏమీ మాట్లాడకుండా కవలలు అని రాసుకుంది. ఇద్దరికీ సూదులు వేసింది, ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టింది. గొరెట్టి గేటు బయట కూర్చుని ఉంది, వాన తగ్గేదాకా, తగ్గాక కూడా. కాపలావాడు తన గొడుగు ఆమెకిచ్చి తను తడిశాడట.

"ఎలీ ఇప్పుడు మోటార్‌సైకిల్ మీద మనుషుల్ని దింపుతాడు. నాకు ఫోన్ చేసినప్పుడు అమ్మా అంటాడు. వాడికి ఇద్దరమ్మలు. ఆ నర్సు పేరు నాకు తెలియదు పాపా. రోజూ ప్రార్థనలో పేరు లేకుండానే తలుచుకుంటాను."

మళ్ళీ చుట్ట తిరగడం మొదలైంది. మల్లికార్జున్ వెనకే అరచేత్తో అదుముకుంటూ నడిచాడు. రేకు దగ్గరికి వచ్చేసరికి ప్లాస్టిక్ పొర కింద అక్షరాలు మసకగా కనబడ్డాయి. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నిన్న ఇది చదివావు కదా. నాతో ఎందుకు చెప్పలేదు?"

జవాడి చుట్ట దించి మంచం మీద ఆనించింది.

"దాని మీద మీ భార్య పేరు ఉంది," అంది. "మనిషి పేరున్న మాటకి నేను అడ్డం చెప్పకూడదు."

సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం కుక్కర్‌లో పడేశాడు. పొద్దుటి పప్పు వేడి చేసుకున్నాడు. తినబుద్ధి కాలేదు. పడమటి తీరాన ఉన్న బాతెల్ ఊరి నుంచి కూతురు రచన రోజూ ఆ వేళకి ఫోన్ చేస్తుంది, తిన్నారా అని. తిన్నానని అబద్ధం చెప్పి, నిన్నొకటి అడగాలమ్మా అన్నాడు.

లక్ష్మీకాంతం చివరి వారాల్లో హాలులోనే మంచం వేశారు. ఎదురుగా టీవీలో వార్తలు వస్తుండేవి. ఒక మధ్యాహ్నం ఆయన వంగి ఆమె కాళ్ళకి నూనె రాస్తున్నాడు. టీవీలో నది, బురద ఒడ్డు, జనం. లక్ష్మీకాంతం ఉన్నట్టుండి, ఆవిణ్ణి చూడండి, ఆవిణ్ణి చూస్తే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తోంది, మనం ఏదన్నా చెయ్యాలండీ అంది. ఆయన అలాగేలే అన్నాడు. నూనె ఒలకకుండా గిన్నె పక్కన పెట్టి తలెత్తేసరికి తెర మీద ఇంకేదో వచ్చేసింది. ఆ రోజు రచన అక్కడే సోఫాలో ఉంది.

"అమ్మ ఎవర్ని చూడమంది రచనా? నువ్వు చూశావా?"

అవతల రచన టీవీ శబ్దం తగ్గించింది.

"చూశాను నాన్నా. టూ లేడీస్ ఉన్నారు. ఒకామె రివర్ నుంచి బేబీతో వచ్చింది, ఫుల్ తడిసి. ఇంకొకామె ఒడ్డు మీద ఉంది. తన పైన ఉన్న క్లాత్ తీసి ఆ బేబీకి చుట్టింది. తనకి ఇంకేం లేదు, జస్ట్ ఒక బ్లౌజ్. అమ్మ ఎవరి గురించి అన్నదో నాకు తెలీదు. నేను అడగలేదు."

ఫోను పెట్టేశాక ఆయన చాలాసేపు డైనింగ్ టేబుల్ దగ్గరే ఉన్నాడు. మొక్కాలనిపిస్తోంది అంది కాంతం. కష్టంలో ఉన్న మనిషిని చూస్తే అయ్యో అంటారు. మొక్కాలనిపించడం వేరు. నలభై ఏడేళ్ళు కాపురం చేశాడు, ఆమె ఏ మాట ఎక్కడ వాడుతుందో తెలియనివాడు కాదు. తెలిసీ, తన తొందరలో తను ఒక సగాన్నే విన్నాడు.

బేస్‌మెంట్‌లోకి దిగాడు. చెడిపోయిందని పక్కన పెట్టిన రేకు ఒకటి మిగిలింది. దాన్ని బిగించి రెండో వాక్యం మీద యంత్రం ఆడించి చూశాడు. అక్షరాలు పోయాయి కానీ అక్కడ పల్లం పడింది. చెరిపేసిన చోటు చెరిపేసినట్టే తెలుస్తోంది. ఎవరైనా చూస్తే ఇక్కడ ఏం రాసి ఉండేదా అని అడుగుతారు. కొత్తవి చేద్దామంటే స్టీలు లేదు, టైమూ లేదు. పేరూ షరతూ ఒకే రేకు మీద, వేలెడు ఎడంలో ఉన్నాయి. ఒకటి ఉంచి ఒకటి తీయడం కుదరదు.

యంత్రం ఆపేసి, లోహపు పొడి బ్రష్షుతో శుభ్రంగా ఊడ్చి, పైకి వచ్చి పప్పన్నం తిన్నాడు.

పొద్దున గోదాము తలుపు తెరిచింది ఆయనే. భానుమతి వచ్చేసరికి నాలుగు మంచాల ప్లాస్టిక్ చీరి ఉంది. మల్లికార్జున్ నేల మీద చతికిలబడి నాలుగోదాని స్క్రూలు విప్పుతున్నాడు. పక్కన చీరముక్క పరిచి ఉంది. ఊడిన రేకులు దాని మీద బోర్లా పెట్టి ఉన్నాయి.

"ఏమైందండీ?"

"స్క్రూలు సరిగ్గా కూర్చోలేదు," అన్నాడు ఆయన, తలెత్తకుండా.

ఆవిడ బోర్లా ఉన్న రేకుల్ని చూసింది. ఆయన మెడ మీద చెమట చూసింది. కింద కూర్చుని అరచెయ్యి చాపింది. ఆయన విప్పిన స్క్రూ అందులో వేశాడు.

అలా కొన్ని మంచాలయ్యాక ఆవిడ మెల్లిగా అడిగింది, ఆ ఒక్క లైన్ మీద టేప్ వేస్తే సరిపోతుందేమో, కాంతం పేరన్నా ఉంటుంది కదా అని. ఆయన తల అడ్డంగా ఊపాడు. అక్కడి ఎండకీ వానకీ టేపు నిలవదు, ఊడిన రోజున మళ్ళీ అదే మాట బయటపడుతుంది అన్నాడు. మార్కర్‌తో పేరు రాద్దామా అంటే అదీ వద్దన్నాడు.

"డైరెక్టర్‌కి ఫోన్ చేశానండీ. కండిషన్ కొట్టేయమన్నాను. నేనడిగానని పెట్టారట, ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నారు." స్క్రూ తిప్పుతూనే అన్నాడు, "కార్డు అడగొద్దని చెప్పండి ఆ మంత్రసానికి. మీరే చెప్పండి, నాకు సరిగ్గా చెప్పడం రాదు."

భానుమతి కొంగు లేని స్వెట్టరు అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. చెప్తానంది.

జవాడి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. తను చుట్టిన చుట్లన్నీ చీరి ఉన్నాయి. మళ్ళీ మొదటి నుంచి చుట్టాలి, లారీ వచ్చే వేళైంది. ఆమె కోప్పడుతుందేమో అనుకున్నాడు మల్లికార్జున్. ఆమె మంచం దగ్గరికి వచ్చి, రేకు ఊడిన చోట నాలుగు చిల్లుల్నీ తడిమింది. చిల్లుల్లోకి తేమ దిగితే తుప్పు పడుతుందని ఆయన విప్పిన స్క్రూలనే తిరిగి వాటిలో బిగిస్తున్నాడు. నాలుగు మూలలా నాలుగు స్క్రూ తలలు, మధ్యలో ఏమీ లేదు. ఆమె ఒకసారి ఆయన భుజం మీద చెయ్యి వేసి తీసింది. తర్వాత ప్లాస్టిక్ చుట్ట అందుకుంది. ఆయన లేచి, మోకాళ్ళు సవరించుకుని, ఆమె వెనక నడిచాడు.

లారీ వచ్చాక ఎవరికీ మాట్లాడే తీరిక లేకపోయింది. బరువైనవి లోపలికి, తేలికైనవి పైకి. మంచాల మధ్య సందుల్లో గ్లవుజుల పెట్టెలు, పసిపిల్లల దుప్పట్లు కూరారు. చక్రాల కుర్చీలు తలుపు దగ్గర, అడ్డంగా పట్టీలు బిగించి. భానుమతి ఆక్సిజన్ యంత్రాల దగ్గర నిలబడి ఎవర్నీ తొందరపడనివ్వలేదు. తలుపులు మూసి సీలు వేశాక డ్రైవరు చెయ్యి ఊపి కదిలాడు. లారీ మలుపు తిరిగేదాకా ముగ్గురూ ర్యాంపు మీదే నిలబడ్డారు. మేపుల్ ఆకులు ఎర్రగా రోడ్డంతా పడి ఉన్నాయి.

భానుమతి ఫ్లాస్కులో టీ తెచ్చింది. అందరూ ఖాళీ చెక్కపెట్టెల మీద కూర్చున్నారు. జవాడి ఫోన్ తీసి నంబరు నొక్కింది. అక్కడ ఇప్పుడు పొద్దు వాలుతూ ఉంటుంది, గొరెట్టి చేను నుంచి వచ్చి ఉంటుంది అంది. స్పీకర్ పెట్టి పెట్టె మీద ఉంచింది.

కోడిపిల్లల అరుపులు, ఎవరో పిల్లాడి ఏడుపు, తర్వాత ఒక బొంగురు గొంతు. వాళ్ళ భాషలో పలకరింపులు చాలాసేపు సాగాయి. ఒకరు అడగడం, ఒకరు బదులివ్వడం, మళ్ళీ అడగడం. మన వాళ్ళ ఫోన్లలాగే ఉందే అంది భానుమతి. జవాడి ఏదో చెప్తూ మల్లికార్జున్ వైపు చూసింది. ఆ మాటల మధ్యలో లక్ష్మీకాంతం పేరు వినబడి ఆయన టీ కప్పు కింద పెట్టాడు.

"రకిషిమి," అంది ఫోన్లో గొంతు.

వాళ్ళ భాషలో ల పలకదు, ర అయిపోతుంది, కొడుకు ఎలీనే ఎరీ అంటుంది అని జవాడి నవ్వింది. ఇంకోసారి విడమరిచి చెప్పింది. గొంతు శ్రద్ధగా మళ్ళీ అంది, "రకిషిమి కాంటా." మల్లికార్జున్‌కి సరిదిద్దాలనిపించలేదు. ఇంకోసారి అంటే వినాలనిపించింది.

తర్వాత గొరెట్టి పొడుగ్గా ఏదో అడిగింది. జవాడి మొదట చెప్పడానికి తటపటాయించింది. ఏమంటోంది అని ఆయనే అడిగాడు.

"మీరెప్పుడొస్తున్నారని అడుగుతోంది పాపా. ముందు సామాను వచ్చిందంటే వెనక మనిషి వస్తాడు కదా అంటోంది. ఇంట్లో ఇప్పుడు కొత్తగా నది దాటి వచ్చినవాళ్ళు ఉన్నారట, ఒక తల్లి, ముగ్గురు పిల్లలు. అయినా ఇంకొకరికి చోటుందట. ఒంటరిగా ఉండొద్దని చెప్పమంటోంది."

భానుమతి తల తిప్పుకుని లారీ వెళ్ళిన దారి వైపు చూసింది. మల్లికార్జున్ ఫోన్ ముందుకి వంగాడు. ఇంగ్లీషులో చెప్దామని నోరు తెరిచాడు.

"వస్తానమ్మా," అన్నాడు తెలుగులోనే. "తప్పకుండా వస్తాను."

అనువాదం చెయ్యడానికి జవాడి నోరు విప్పేలోపే అవతల గొరెట్టి ఎవరినో కేకేసి ఆ సంగతి చెప్పేస్తోంది.